తుప్పు రంగు డోలు

మా బావ నన్ను కొట్టాడన్న సంగతి ఆక్లండ్ శివారు హెండర్సన్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. కొట్టిన మాట నిజమే. కుట్లు వేయడానికి నా కుడి చెవి పైన గొరిగిన చోట వెంట్రుకలు ఇంకా సరిగ్గా రాలేదు. అయితే ఎలా కొట్టాడో తెలుసుకోకుండా, పుట్టినరోజు పార్టీల్లో ప్లేట్లు పట్టుకుని "పాపం శ్రీజ" అని జాలి ఒలకబోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. నేను ఆక్లండ్‌లో సిటీ బస్సు డ్రైవర్ని. తాగి ఎక్కి అల్లరి చేసేవాణ్ని చెయ్యి వేయకుండా నోటితోనే దించేస్తాను. నా మీద ఎవరూ జాలిపడాల్సిన పని లేదు.

వచ్చే నెల కోర్టు ఉంది. తప్పు ఒప్పుకుంటానని బావ చెప్పేశాడు. వాదించి బయటపడే దారి ఉందని లాయరు మొత్తుకున్నా వినలేదు. జైలు పడొచ్చు, ఆ తర్వాత వీసా రద్దు చేసి దేశం నుంచే పంపేయొచ్చు. అంత మూర్ఖత్వం దేనికని అందరూ నన్నే అడుగుతున్నారు. అడిగినవాళ్లందరికీ ఒక్కసారే చెప్పేస్తాను, వినండి.

మా బావ పేరు విఠల్. మా అక్క సావిత్రి భర్త. హెండర్సన్‌లో రైలు పట్టాల వెనక చిన్న డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతాడు. సొట్టపోయిన డోరును ఆయన చేతికిస్తే సొట్ట ఎక్కడుండేదో ఓనరే వెతుక్కోవాలి. కానీ తెల్ల కారు తీసుకోడు. ఈ దేశంలో రోడ్ల మీద తిరిగే కార్లలో సగం జపాన్ నుంచి ఓడ దిగిన పాత బండ్లు, వాటిలో సగం తెల్లవి. తెల్ల రంగు వేయనని భీష్మించుకు కూర్చున్న పెయింటరు న్యూజిలాండ్ మొత్తానికి మా బావ ఒక్కడే అయి ఉంటాడు.

"తెల్ల రంగు నీ ఆస్తి గుంజుకున్నదా బావా?" అని నేను ఆటపట్టించేదాన్ని.

"ఆస్తి కాదు పిల్లా, మనిషిని గుంజుకున్నది" అనేవాడు.

ఆ మనిషి సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొంత బావ చెప్పాడు, కొంత అక్క చెప్పింది.

బావది బోధన్. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయాక ఇళ్లల్లో మగవాళ్లు ఎలా మూలకు కూర్చున్నారో బావ చిన్నతనంలోనే చూశాడు. హైదరాబాద్ వచ్చి ముషీరాబాద్‌లో పెయింటు పని నేర్చుకున్నాడు. వినాయక నిమజ్జనం వస్తే తీన్‌మార్ కొట్టడంలో ఆయన్ను మించినవాడు ఆ వీధిలో లేడట. పాత కార్లను కొని విదేశాలకు పంపే ఒక ఏజెంటు ఆయన్ను జపాన్ తీసుకుపోయాడు. ఊరి పేరు కురోహామా. రేవు ఊరు. ఓడల మరమ్మతు యార్డు ఉండేది.

బావ అద్దెకున్న గది కింద ఇంటాయన ఒగాత. బావ ఆయన్ను ఇప్పటికీ ఒగాత సాన్ అనే అంటాడు, అంటే ఒగాత గారు అని. యార్డులో ఓడల అడుగుకి రంగు వేసి వేసి రిటైరైన మనిషి. ఒకరోజు బావ మధ్యాహ్నం అన్నం తిని, ఖాళీ తిన్నర్ డబ్బా బోర్లించి తీన్‌మార్ కొడుతుంటే ముసలాయన గోడ అవతల నిలబడి విన్నాడు. భాష లేదు. వేలితో రమ్మని సైగ చేశాడు. ఆ ఆదివారం స్టేడియానికి తీసుకుపోయి, ఓ పెద్ద డోలు ముందు నిలబెట్టి, చేతిలో ఒక గూటం పెట్టాడు. యార్డులో పడవ చెక్కల సందుల్లో నీళ్లు రాకుండా నార కొట్టడానికి వాడే బరువైన కొయ్య గూటం అది, తలకి గుడ్డ చుట్టి ఉంది.

కురోహామా ఫుట్‌బాల్ క్లబ్బు కథంతా ఆ డోలు మీదే ఉంది. యుద్ధం అయిపోయాక యార్డులో రంగులేసే కూలీలు అన్నం బెల్లు కొట్టగానే బంతి ఆడేవాళ్లు. వాళ్లకి వేరే జెర్సీలు లేవు. ఓడ అడుగుకి వేసే రంగు, అంటే మన దగ్గర గేట్లకీ కిటికీ చువ్వలకీ వేసే రెడ్ ఆక్సైడ్, అదే వాళ్ల చొక్కాల నిండా ఉండేది. అదే జట్టు రంగైపోయింది. తర్వాత ప్రొఫెషనల్ లీగు వచ్చింది, యార్డు కంపెనీ డబ్బు పెట్టింది, విదేశీ ఆటగాళ్లు వచ్చారు, రంగు మాత్రం మారలేదు. అఖాతం అవతల షిరాసె అని ఇంకో ఊరు. అక్కడ బ్యాంకులు, బీమా ఆఫీసులు. వాళ్ల జట్టుది తెల్ల జెర్సీ. వాళ్లు కురోహామావాళ్లను "తుప్పు" అని వెక్కిరించేవాళ్లు. కురోహామావాళ్లు సిగ్గుపడకుండా ఆ మాటను జెండా మీద రాసుకున్నారు. అవును, మేం తుప్పే, మమ్మల్ని గీకి పారేయడం నీ వల్ల కాదు అని.

ఏటా మొదటి మ్యాచ్ ముందు డోలు చెక్కకి రెడ్ ఆక్సైడ్ కొత్త పూత వేస్తారు. పూత పచ్చిగా ఉండగానే స్టాండులో ప్రతివాడూ వచ్చి బొటనవేలు ఒత్తిపోతాడు. పాత వేలిముద్రల మీద కొత్త ముద్రలు. ముసలివాళ్లు చనిపోయినా వాళ్ల వేళ్లు కింది పొరల్లో ఉంటాయని ఒగాత అనేవాడట. ఇంకో ఆచారం ఉంది. డోలు కొట్టేవాడు స్టాండు ముందు రెయిలింగు మీదికి ఎక్కి ఒంగి కొడతాడు. ముందుకి తూలితే కింద సిమెంటే. అందుకని ఒక పెద్ద మనిషి వెనక నిలబడి వాడి నడుం బెల్టు పట్టుకోవాలి. బావ బెల్టు ఒగాత పట్టుకునేవాడు. కొట్టేవాడు వెనక్కి చూడకూడదు, ఆటగాళ్లు వచ్చి స్టాండుకి వంగి దణ్ణం పెట్టేదాకా కొట్టడం ఆపకూడదు. ఓడినా ఆపకూడదు.

"నా పెండ్లిల గూడ నన్ను ఎవ్వరూ అంత గట్టిగ పట్టుకోలే" అని బావ నవ్వేవాడు. అక్క పక్కనే ఉండి "పట్టుకుంటే ఆగెటోనివా నువ్వు?" అనేది.

తర్వాత యార్డు మూతపడింది. సూటు వేసుకున్న పెద్దమనుషులు టీవీలో కూర్చుని, రెండు క్లబ్బుల్ని కలిపేస్తున్నామని చెప్పారు. పేరు షిరాసెది, జెర్సీ షిరాసెది, స్టేడియం షిరాసెది. కురోహామా తాలూకు గుర్తు ఏదైనా ఉంచమని అడిగితే సాక్సుల మీద సన్నటి ఎర్రగీత ఇచ్చారు. ఆఖరి మ్యాచ్ ఆ షిరాసెతోనే పడింది.

ఓడిపోయారు. ఆటగాళ్లు ఏడుస్తూ వచ్చి వంగి నిలబడ్డారు. ఆచారం ప్రకారం అక్కడ డోలు ఆగాలి. బావ ఆపలేదు. ఆపితే క్లబ్బు చచ్చినట్టే కదా, ఎవరు మాత్రం ఆపుతారు? స్టాండు మొత్తం కదలకుండా పాడుతూ నిలబడింది. సెక్యూరిటీవాళ్లు వచ్చి లాగారు. అవతలి స్టాండు నుంచి తెల్ల జెర్సీలు కంచె దూకి జెండా కర్రలు పట్టుకుని వచ్చాయి. జెండా లాక్కుందామని వాళ్లు, చస్తే ఇవ్వమని వీళ్లు. బావ చెప్పినదాన్ని బట్టి, పళ్లు సిమెంటు మీద పడ్డ చప్పుడు డోలు చప్పుడులో కూడా వినపడిందట. ఒకడు బావ ఎడమచేతిని రెయిలింగుకి వేసి బూటుతో తొక్కాడు. రెండు వేళ్లు విరిగాయి. కుడిచేత్తో కొడుతూనే ఉన్నాడు, తాళం తప్పి, ఒళ్లు తెలియని కోపంతో.

అంతలో నడుం దగ్గర బెల్టు వదులైంది.

వెనక్కి తిరిగాడు. ఒగాత మెట్ల మీద పడి ఉన్నాడు. తల పక్క నుంచి రక్తం మెట్టు దిగి కింది మెట్టు మీదికి కారుతోంది. తెల్ల జెర్సీవాడు ఒకడు చేతిలో కర్రతో ఆయన మీదికి వంగి ఉన్నాడు. బావ గూటం ఎత్తి వాడి మొహం మీద కొట్టాడు. దవడ విరిగి పక్కకి జరిగింది. కింద పడ్డాక ఇంకోటి కొట్టాడు.

ఒగాత మళ్లీ కళ్లు తెరవలేదు. ఆస్పత్రిలో పోయాడు. ఆ కర్రతోనే వాడు ముసలాయన్ని కొట్టాడని బావ పోలీసులకి చెప్పాడు. బావ మీద కేసు ఆత్మరక్షణ కింద కొట్టేశారు గానీ, వీసా పొడిగించలేదు. ఒగాత భార్య డోలును, గూటాన్ని బావ చేతిలో పెట్టి తీసుకుపొమ్మంది. న్యూజిలాండ్‌కి ఎగుమతయ్యే ఒక వ్యాను వెనక భాగంలో పెట్టి డోలును ఓడ ఎక్కించాడు. అలా డోలు ముందు ఆక్లండ్ చేరింది, ఆ వెనక బావ, ఆ వెనక అక్క, పాప. వాళ్ల వెనక నేను.

డోలు షెడ్డు గోడ మీద వేలాడేది. కోపం కూడా ఓడెక్కి వెంటే వచ్చింది. పోయినేడు ఒకడు తెల్ల కారు తెచ్చి, వేయనంటే బూతులు తిట్టి, పోతూ పోతూ డోలును తన్నాడు. బావ వాడి ముక్కు పగలగొట్టి, పడ్డవాణ్ని కాలర్ పట్టి రోడ్డు దాకా ఈడ్చాడు. పళ్లు రెండు ఊడాయి వాడికి. ఈసారికి వదిలేస్తున్నాను, మళ్లీ చెయ్యి లేపితే జైలే అని జడ్జి చెప్పింది. జైలంటే రెసిడెన్సీ కూడా పోవచ్చని లాయరు చెప్పాడు. అక్షర, అంటే వాళ్ల పాప, పామర్‌స్టన్ నార్త్‌లో యూనివర్సిటీలో చేరిన సంవత్సరం అది. అక్క బావ చేత పాప నెత్తి మీద ఒట్టు వేయించింది.

"కోపమొస్తే డోలు మీద చూపియ్, మనుషుల మీద గాదు" అంది.

బావ ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. కోపమొచ్చిన ప్రతిసారీ షెడ్డులోకి పోయి డోలు కొట్టేవాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్లు ఇయర్‌మఫ్‌లు పెట్టుకునేవాళ్లు.

ఈలోగా కురోహామాలో అభిమానులంతా చందాలు వేసుకుని పాత పేరుతోనే కొత్త క్లబ్బు పెట్టారు. జిల్లా లీగులో అట్టడుగున మొదలుపెట్టి, ఒక్కో మెట్టే ఎక్కుతున్నారు. ప్రతి మ్యాచ్‌కీ బావ లాప్‌టాప్ ముందు డోలు పెట్టుకుని కూర్చుంటాడు. ఈ జూన్‌లో కప్పు మ్యాచ్‌లో మొదటిసారి వాళ్లకి షిరాసె ఎదురైంది. బావ వారం ముందే పాత తుప్పు రంగు జెర్సీ ఇస్త్రీ చేయించాడు. పొట్ట పట్టలేదు, అయినా వేసుకున్నాడు.

శనివారం. జపాన్‌లో మధ్యాహ్నమైతే మాకు సాయంత్రం. బయట వాన. అక్క షెడ్డులోనే చిన్న స్టవ్ పెట్టి మిర్చి బజ్జీలు వేస్తోంది. నేను డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చాను. రెండు టైర్ల మీద డోలు పెట్టి, బావ సరుకు పెట్టే చెక్క ప్యాలెట్ మీద ఎక్కి నిలబడ్డాడు, స్టాండులో నిలబడ్డట్టు. గూటానికి చుట్టిన గుడ్డ ఎప్పుడో అరిగిపోయింది, ఉత్త కొయ్యే మిగిలింది. షిరాసె ముందు గోలు కొట్టింది. బావ ఇంకా గట్టిగా కొట్టాడు. తర్వాత కురోహామా కుర్రాడొకడు తలతో గోలు కొట్టి సమం చేశాడు. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సూస్తున్నవా శ్రీజా, తుప్పు గీకినా పోలే" అన్నాడు.

అప్పుడే షెడ్డు ముందు ఒక వ్యాను ఆగింది. పాత బండ్ల బేరాలు చూసే మధుబాబు, ఎవరో జపాన్ డీలరు బండి తెస్తున్నాడని ముందే చెప్పాడు. రంగు మాత్రం చెప్పలేదు, దొంగ సచ్చినోడు, చూశాక బావ ఒప్పుకుంటాడులే అనుకున్నాడట. తెల్ల వ్యాను. అందులోంచి సన్నగా, నడివయసు మనిషి దిగాడు. దిగి, డోలు శబ్దం చెవిన పడగానే డోరు పట్టుకుని వానలో అలాగే నిలబడిపోయాడు. తీన్‌మార్ కొట్టే జపాన్ స్టాండు ప్రపంచంలో ఒక్కటే ఉండేది. ఆ దెబ్బ విన్నవాళ్లు మర్చిపోరు.

లోపలికి వచ్చాడు. దవడ ఒకవైపుకి జరిగి ఉంది.

బావ చేతిలో గూటం కింద పెట్టాడు. అది చూసి నేను అమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం ఆ మనిషి బయట, వానలో, వ్యాను బానెట్ మీద వెల్లకిలా ఉన్నాడు. బావ గొంతు పట్టి పిడికిలితో మొహం మీద గుద్దుతున్నాడు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. కనుబొమ్మ చిట్లింది. తెల్ల బానెట్ మీద రక్తం వానతో కలిసి లైటు దాకా కారింది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు, తిరిగి కొట్టలేదు. జపాన్ భాషలో ఒకే మాట పదేపదే అంటున్నాడు. బావ ఆ మాట విన్నకొద్దీ ఇంకా గట్టిగా కొట్టాడు. ఒక కట్టుడు పన్ను ఊడి నా బూటు దగ్గర పడింది.

అక్క బజ్జీల జల్లిగరిటె పట్టుకునే పరిగెత్తింది. "జడ్జి ఏమన్నదో యాదికి లేదా? పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టినవ్. ఇడువు. ఇడువయ్యా అతన్ని."

"ఒగాత సాన్‌ని సంపినోడు వీడే సావిత్రీ."

"అయితే నన్ను, పిల్లను గూడ సంపి జైలుకు పో."

ఆ మాటకి బావ చేతులు వదిలాడు. ఆ మనిషి బానెట్ మీంచి జారి నేల మీద కూలబడ్డాడు. బావ వెనక్కి వచ్చి ప్యాలెట్ ఎక్కి, గూటం తీసుకున్నాడు. అక్కకి వేసిన ఒట్టు అదే కదా, కోపం డోలు మీద చూపించాలని. కొట్టడం మొదలుపెట్టాడు.

అలాంటి కొట్టుడు నేనెప్పుడూ వినలేదు. తాళం లేదు, లెక్క లేదు. రేకుల గోడలు అదిరాయి. లాప్‌టాప్ బెంచీ మీంచి కింద పడి, అందులో జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. అక్క తడిగుడ్డ కోసం సింకు దగ్గరికి పోయింది. నేను అంబులెన్స్‌కి ఫోన్ చేశాను, అవతలి మాట ఒక్క ముక్క వినపడలేదు. "బావా, ఆపు" అని అరిచాను. నా గొంతుకి బస్సులో చివరి సీటువాళ్లు కూడా ఉలిక్కిపడతారు, ఆయనకి వినపడలేదు. వెనక నుంచి వెళ్లి నడుం బెల్టు పట్టుకుని లాగాను.

బెల్టు పట్టగానే ఆయన ఒళ్లు ఇంకా ముందుకి ఒంగింది. వెనక ఒకరు పట్టుకున్నారన్న ధైర్యం ఆ ఒంటికి అలవాటు. చెయ్యి భుజం మీదుగా బాగా వెనక్కి వచ్చింది. గూటం నా చెవి పైన తగిలింది.

నొప్పి తెలియలేదు. నేల వచ్చి చెంపకి తగిలినట్టు అనిపించింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆయన కొడుతూనే ఉన్నాడు. నన్ను కొట్టానని ఆయనకి తెలియదు, అది మాత్రం నాకు స్పష్టంగా అర్థమైంది. ఆ పిచ్చి మొహాన్ని లేచి నాలుగు తిడదామనుకున్నాను, నోరు తిరగలేదు.

రక్తం కారుతున్న ఆ జపాన్ మనిషి మోకాళ్ల మీద పాక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా తల కింద చెయ్యి పెట్టి, నా మీదికి వంగాడు.

బెల్టు వదులైంది కదా. బావ వెనక్కి తిరిగాడు. నేను నేల మీద, నా తల పక్కన రక్తం, నా మీద వంగి ఆ మనిషి. బావ మొహంలో నేను చూసింది చావే. గూటం రెండు చేతులతో ఎత్తి ప్యాలెట్ దిగాడు. ఈసారి దవడతో ఆగేది కాదు. ఆ మనిషి తల ఎత్తలేదు, పారిపోలేదు, నా తల కింద చెయ్యి తీయలేదు.

అక్క తడిగుడ్డతో మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఆయన గాదు" అంది. "నువ్వే."

"జరుగు సావిత్రీ."

"నేను నా కండ్లతోని జూసిన. నువ్వే కొట్టినవ్ దాన్ని."

"నేను డోలు కొడ్తున్న."

"గదే చెప్తున్న. డోలు కొడుతుంటే నీ చెయ్యి ఎనకకొచ్చింది. ఎనక అది నిలబడ్డది. గా గూటం జూస్కో."

బావ చూసుకున్నాడు. గూటం వెనక వైపు కొయ్యకి రక్తం అంటింది. అందులో పొడుగు వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. ఆ మనిషి అప్పుడు జపాన్ భాషలో మళ్లీ మాట్లాడాడు, మెల్లగా. ఆ మాటకి అర్థం తర్వాత నేనే అడిగి తెలుసుకున్నాను. "ఆ రోజు కూడా ఇట్లాగే" అన్నాడట. అంతకుముందు దెబ్బలు తింటూ అన్నది "నేను కాదు" అనట.

అతని పేరు మోరియా. నేల మీద కూర్చునే బావకి అంతా చెప్పాడు, అంబులెన్స్ వచ్చేలోపు; అదీ నాకు తర్వాత తెలిసిందే. ఆ రోజు కర్ర పట్టుకుని కొట్లాటకే వచ్చాను, కాదనను అన్నాడు. వెనక నుంచి జనం తోస్తుంటే ముసలాయన నీ మీదికి ఒరిగాడు, నీ గూటం ఆయన కణతకి తగిలింది, నేను లేపబోయాను. దవడకి తీగలు కట్టి ఉన్నప్పుడు పోలీసులకి రాసి చూపించాను, నమ్మలేదు. వెనక్కి చూడని డోలువాడు చూశానని సాక్ష్యం చెబితే, ఎలా చూశావని ఎవరూ అడగలేదు అన్నాడు. సాక్ష్యం చాలదని కోర్టు వదిలేసింది, ఊరు మాత్రం అతన్ని వదల్లేదు. ముసలాణ్ని చంపినవాడి ఇల్లని తలుపు మీద రాశారు. ఉద్యోగం పోయింది. తల్లి అంత్యక్రియలకి ఎవరూ రాలేదు. దేశం వదిలి వచ్చాడు. అన్నీ చెప్పి, బావను తిట్టలేదు కూడా.

బావ ఏడవలేదు. డోలు వైపు తిరిగి ఆ చెక్క మీది వేలిముద్రల్ని తడుముతూ ఒక దాని దగ్గర ఆగాడు. అది ఎవరిదో నేను అడగలేదు.

ఆస్పత్రిలో నాకు కుట్లు వేశాక నర్సు తెర వేసి, ఇక్కడ ప్రతి ఆడమనిషినీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగింది, ఎవరైనా కొట్టారా అని. బావ తెర పక్కనే నిలబడి ఉన్నాడు. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడుకి అర్థం నాకు తెలుసు. షెడ్డులో నూనె మీద జారిపడ్డానని చెబితే నా దెబ్బ వరకు గొడవ ఉండదు. మోరియా కేసు పెడతాడో లేదో ఇంకా తెలియదు. ఒగాత సంగతి ఈ దేశంలో మాకూ మోరియాకీ తప్ప ఎవరికీ తెలియదు. నేను జారానని చెప్పడానికి నోరు తెరిచాను.

బావ తెర తోసుకుని లోపలికి వచ్చాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కో మాట పేర్చుకుంటూ చెప్పాడు.

"ఈమెను నేనే కొట్టాను. పక్క గదిలో ఉన్న మనిషినీ నేనే కొట్టాను, అప్పుడూ, ఇప్పుడూ. పోలీసులను పిలవండి."

నర్సు నన్ను చూసింది. నేను అక్కను చూశాను. అక్క నా చెయ్యి వదిలేసి మొహం కప్పుకుంది.

"ఇంకొకరు కూడా ఉన్నారు" అన్నాడు బావ. "ఒగాత సాన్. ఆయన చచ్చిపోయాడు."

"ఆయన ఎవరు?" అని నర్సు అడిగింది.

బావ వంకర వేళ్ల ఎడమచెయ్యి వీపు వెనక్కి పోయి, తన బెల్టును తనే పట్టుకుంది.

"నేను పడిపోకుండా నన్ను పట్టుకున్న మనిషి" అన్నాడు.